చేతులెత్తించిన ఆవిడ

మొన్న గన్నవరం దాటాక ఒక బస్సు రోడ్డు దిగి బురదగుంటలోకి ఒరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. నేను దాని వెనక బస్సులో ఉన్నాను. రోడ్డు మూసుకుపోవడంతో మా బస్సులోని వాళ్ళందరూ దిగి చూడ్డానికి పోయారు. నేను దిగలేదు. పరుల ఇబ్బందిని గుంపులో నిలబడి చూడడం మా ఇంట్లో నేర్పలేదు. కిటికీలోంచి ఎలాగూ బాగానే కనిపిస్తోంది.

లాగే బండి ఒకటి వచ్చింది. దాని మనిషి ఇనప తాడును బస్సుకు తగిలించి, తాడు నడిమధ్యన తడి గోనెపట్టా కప్పి, నేల మీద ముగ్గుపిండితో పొడుగ్గా గీత గీశాడు. జనాన్ని గీత అవతలికి తోలి కేక పెట్టాడు.

"అందరూ చేతులు పైకెత్తండి. రెండూనండి. ఏవయ్యా గళ్ళచొక్కా, నీకు ఒకటే ఇచ్చాడా దేవుడు?"

బస్సులో కూర్చున్న నా చేతులు రెండూ నాకు తెలియకుండానే లేచాయి. వెనకసీటు ముసలాయన నన్ను అదోలా చూశాడు. చేతులు దించి, ఉత్తరీయం సర్దుకుని, బస్సు దిగాను. పని పూర్తయ్యేదాకా ఆగి ఆ మనిషిని పిలిచాను.

"ఆ చేతులెత్తించడం నీకెవరు నేర్పారయ్యా?"

"మా పెద్దమ్మండి. ఆటోనగర్లో ఆవిడకి వించి జీపుండేది. మీరెరుగుదురాండి?"

"ఎరుగుదును. ఎలా ఉన్నారు?"

"పోయిన నెల పోయిందండి. నిద్రలోనే." తాడు చుట్టడం ఆపి, వాళ్ళింటి బిరుదేదో చదివినట్టు చెప్పాడు. "పది వేళ్ళతోనూ పోయిందండి."

ఆవిడ పేరు నాకు ఎన్నడూ తెలియలేదు. లారీ డ్రైవర్లు చాటున వించమ్మ అనేవారు, ఎదురుగా అమ్మగారు అనేవారు. ఆ రెండింటికీ మధ్య దూరం ఆవిడ చేతిలోని గొడుగు పొడుగంత. డెబ్భైల్లో బందరు రోడ్డు మీద తిరిగిన వాళ్ళు ఆ గొడుగును మరిచిపోయి ఉండరు. ఎండకూ వానకూ విప్పగా నేను చూడలేదు. దాని పని వేరు.

జీపు యుద్ధం నాటిది, మిలటరీ వాళ్ళ వేలంలో కొన్నది. దాని ముందు బంపరు మీద కరెంటు వించి బిగించి ఉండేది. అంటే ఒక మోటారు, ఆ మోటారు తిప్పే డ్రమ్ము, డ్రమ్ముకు చుట్టిన ఇనప తాడు, తాడు చివర కొక్కెం. బ్యాటరీ మీద నడుస్తుంది. మీట ఒక పొడుగాటి వైరు చివర ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని, తాడుకు ఎడంగా నిలబడి నొక్కాలి. కాలవలో పడ్డ ధాన్యం లారీలు, పొలంలోకి దిగబడ్డ ట్రాక్టర్లు, కరకట్ట మీంచి జారిన పెళ్ళి కార్లు, అన్నిటికీ ఆ జీపే దిక్కు.

మోటారును ఆవిడ అల్లుడు అనేది.

"అల్లుణ్ణి ఒక్క బిగిన పని చెయ్యమనకూడదండి. కాస్త లాగాలి, కాస్త కూర్చోవాలి. వేడెక్కాడంటే అలక. జీపు ఇంజను మాత్రం ఆపకూడదు, ఆపితే ఉన్న బ్యాటరీ అంతా తిని పడుకుంటాడు."

తాడు ఎంత దూరం అవసరమైనా డ్రమ్ము మీది చివరి చుట్లు విప్పనిచ్చేది కాదు. ఇంకొంచెం వదలమని ఒక లారీ ఓనరు బతిమాలితే ఆవిడ ఇచ్చిన జవాబు బందరు దాకా పాకింది. "కోక మొత్తం విప్పి ఎవరైనా పరుస్తారా నాయనా? ఒంటి మీద కొన్ని చుట్లుండొద్దూ?"

మనిషి పొట్టి, దిట్టం. చీర మీద మగవాళ్ళ చొక్కా, నడుంలో బిగదోపిన కొంగు, చేతులకు తోలు తొడుగులు. తొడుగుల కింద గాజులు చప్పుడు కాకుండా, చిక్కుకోకుండా గుడ్డపీలికలు చుట్టేది. గాజులు తీసి పక్కన పెట్టొచ్చు కదా అని ఎవరో అంటే, మొగుడు బతికుండగా గాజులెలా తీస్తానని కసిరింది. పుట్టిల్లు బందరు అవతల సముద్రం ఒడ్డు, పడవల వాళ్ళు. తాడంటే ఏమిటో ఉగ్గుపాలతో తెలుసు. మర్యాదంటే ఏమిటో తెలిసేది కాదు, లేక తెలిసి అవసరం లేదనుకునేది.

ఆవిడ మొగుడి గురించి చెప్పకుండా ఆవిడ గురించి చెప్పడం కుదరదు. సన్నగా, తెల్లగా, మాటా పలుకూ లేకుండా జీపులో ముందు సీటులో కూర్చునేవాడు. ఆవిడ ఊరందరినీ నాయనా, ఏవయ్యా అనేది గానీ ఆయన్ని మాత్రం ఏవండీ అనేది. పని మొదలయ్యేముందు జనం మూగగానే జీపు వైపు తిరిగి, "ఏవండీ, ఒకసారి చూపించండి," అనేది. ఆయన కుడిచెయ్యి కిటికీలోంచి బయటికి పెట్టి, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ లోపలికి తీసుకునేవాడు. బొటనవేలూ దాని పక్కదీ తప్ప అక్కడేమీ ఉండేవి కావు.

"చూశారుగా. ఇక మీ ఇష్టం," అనేది ఆవిడ.

ఆ చెయ్యి చూశాక చాలామంది రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు. అయినా మన వాళ్ళు మన వాళ్ళే. కాసేపటికి మళ్ళీ ముందుకు జరిగేవాళ్ళు. ఆడమనిషి చెబితే వెనక్కి పోవడమా అని మీసాలు అడ్డం వచ్చేవి. అందుకని ముగ్గుపిండి తెచ్చింది. తాడు పొడుగుకు మించిన దూరంలో గీత గీసి, దాని మీద అక్కడక్కడా కోసిన నిమ్మకాయ చెక్కలకు కుంకుమ అద్ది పెట్టేది. దిష్టి తీసి పారేసిన దాన్ని దాటేంత మగవాడు కృష్ణా జిల్లాలో ఇంకా పుట్టలేదు. లారీ కింద తలపెట్టడానికి వెనకాడని క్లీనర్లు నిమ్మచెక్క చూసి పంచె ఎత్తి పట్టుకుని వెనక్కి నడిచేవారు.

నేను ఆవిడను మొదటిసారి చూసింది బందరు రోడ్డు మీదే. ధాన్యం లారీ కాలవలోకి దిగి, మా బస్సు ఆగిపోయింది. నాకప్పుడు ఇరవై ఏళ్ళు దాటాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని గీతకు ఇవతల, అంటే తాడు వైపు, నిలబడి ఉన్నాను. ఎవరో గీశారని గీతకు అవతల నిలబడడం మా వంశంలో లేదు. మా గీతలే ఇతరులకు హద్దులుగా ఉండేవి, ఆ పొలాలు ఉన్నంత కాలం.

"తెల్లచొక్కా బాబుగారూ, అవతలికి వెళ్ళండి."

నేను విననట్టు నిలబడ్డాను.

"సరే, మీ ఊరూ ఇంటిపేరూ చెప్పండి."

ఎవరని మర్యాదగా అడుగుతోందనుకుని చెప్పాను. చల్లపల్లి దాటాక ఫలానా ఊరు, ఫలానా దివాణం.

"మంచిది. రోపు తెగితే కాలు ఎక్కడికి పంపించాలో తెలిసింది," అని గొడుగు తీసి నా మోకాలి కింద ఒక్కటి వేసింది.

గీత అవతలికి వచ్చిన తర్వాతనే అక్కడ నిలబడ్డ జనమంతా నవ్వుతున్నారని గమనించాను. లారీ బయటికి వచ్చింది. తాడు తెగలేదు. తెగనందుకు నాకు కొంచెం కోపం వచ్చింది కూడా.

ఇక రథం సంగతి.

చల్లపల్లి వారంత పెద్ద సంస్థానం కాదు మాది. చిన్న ఎస్టేటు. ప్రభుత్వం ఎస్టేట్లు రద్దు చేసినప్పుడు అది పోయింది. మిగిలిన భూమి డెబ్భైల్లో సీలింగు చట్టానికి పోయింది. ఏనుగు కట్టిన కొట్టంలో పశువుల డాక్టరు అద్దెకుండేవాడు. మాకు మిగిలినదల్లా ఒకటి. మా ఊరి వేణుగోపాలస్వామి రథోత్సవం నాడు రథం కదిలేటప్పుడు తాడు మీద మొదటి చెయ్యి మాది. మా నాన్నగారు పట్టుపంచె కట్టుకుని వచ్చి తాడు పట్టుకుంటేనే ఊరు తాడు పట్టుకోవాలి. ఏడాదిలో తక్కిన రోజులన్నీ ఆయన పడకకుర్చీలో ఆ ఒక్క రోజు కోసమే కూర్చున్నట్టు ఉండేవారు.

ఆ హక్కు తీసెయ్యాలని మా ప్రెసిడెంటు గారికి కోరిక. ఆయనకు రైసుమిల్లు ఉండేది. వాళ్ళ తాత చెప్పులు చంకలో పెట్టుకుని మా వాకిట్లో నిలబడ్డవాడు. మనవడు పంచాయతీ ప్రెసిడెంటయ్యాడు. ఈ రోజుల్లో దొరలేమిటి, దేవుడి ముందు అందరూ సమానం కదా అని మిల్లు అరుగు మీద కూర్చుని అంటుండేవాడు. అందరూ సమానమైతే తన చెయ్యి ముందు పడుతుందని ఆయన లెక్క.

ఒక ఏడు రథోత్సవం ముందు రెండు రోజులు వాన కురిసింది. ఊరేగింపులో సగం దారిలో రథం రోడ్డు అంచు విరుచుకుని, ఒక పక్క చక్రాలు పొలం బోదెలోకి దిగబడ్డాయి. స్వామి పొలం వైపు ఒరిగి కూర్చున్నాడు. జనం లాగారు. ఎడ్లు లాగాయి. మిల్లు ట్రాక్టరు లాగబోయి తన గొయ్యి తానే తవ్వుకుంది. చివరికి ప్రెసిడెంటు గారు బెజవాడ కబురు పంపారు. మర్నాడు పొద్దున్నే గొడుగుతో సహా జీపు వచ్చింది.

వస్తూనే ఆవిడ జీపును రోడ్డు మీద రథానికి తిన్నగా నిలబెట్టింది. రథం చక్రాలకు అడ్డం వేసే చెక్కలనే తెప్పించి జీపు చక్రాల కింద కొట్టించింది. అవి స్వామివారివని ఎవరో గొణిగితే, "స్వామివారు ఎటూ కదలట్లేదుగా, ఆయనకెందుకు?" అంది. జీపు వెనక భాగాన్ని గొలుసుతో తాటిచెట్టుకు కట్టించింది. రథం మోకును రెండు పేటలుగా దూలానికి చుట్టించి, కొక్కెం ఆ చుట్టుకు తగిలించింది, ఇనప తాడు కర్రను కోసెయ్యకుండా.

అప్పుడు పూజారి గారు అడ్డం వచ్చారు.

"అమ్మా, ఆ తోలు తొడుగులు తియ్యాలి. స్వామివారి మోకును తోలు తాకకూడదు."

"తీస్తే రోపులో లేచిన ఇనప పోగులు అరచేతిలో దిగబడతాయండి."

"అది నీ సంగతి. తోలు పనికిరాదు."

ఆవిడ రథం పక్కన నిలబడ్డ మేళం వైపు చూసింది. "ఆయన మెళ్ళో వేసుకున్న డోలుకి రెండు పక్కలా ఏముందండీ, అరిటాకా?"

డోలు వాయించేవాడు తన డోలును కొత్తగా చూసుకున్నాడు. పూజారి గారు మంత్రం మొదలుపెట్టారు.

గీత గీసింది. నిమ్మచెక్కలు పెట్టింది. మొగుణ్ణి చెయ్యి చూపించమంది. ఊరంతా గీత వెనక్కి జరిగింది. మా నాన్నగారు మాత్రం ముందుకు నడిచి, గీత దాటి, వదులుగా ఉన్న ఇనప తాడును కుడిచేత్తో పట్టుకుని నిటారుగా నిలబడ్డారు.

"అయ్యగారూ, దణ్ణం పెట్టుకోవడం అయిందిగా. ఇవతలికి రండి."

"దణ్ణం కాదు. రథం కదిలేటప్పుడు ఈ చెయ్యి తాడు మీద ఉండాలి. మా తాతగారి తాతగారి నుంచీ వస్తున్న హక్కు."

"ఆ తాతగారు పట్టుకున్నది కొబ్బరితాడండి. అది తెగితే చతికిలబడతాం. ఇది తెగితే చతికిలబడ్డానికి కింద సగం మిగలదు. తెగకపోయినా, డ్రమ్ము వేళ్ళు పట్టుకుందంటే వదలదు."

"నువ్వు నీ మీట నొక్కమ్మా. మా సంగతి మేం చూసుకుంటాం."

"పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు పెళ్ళికొడుకు చెయ్యి ఉంటుంది. మూడు ముళ్ళు వేశాక తీసేస్తాడుగా అయ్యగారూ. పెళ్ళాం మెడ పట్టుకుని జన్మంతా కూర్చుంటాడా?"

గీత వెనక నవ్వారు. నాన్నగారు నవ్వలేదు. గుంపులో ప్రెసిడెంటు గారి నవ్వు విడిగా వినిపించింది. నాన్నగారి వేళ్ళు తాడు మీద మరింత బిగుసుకోవడం నేను చూశాను. ఇప్పుడు చెయ్యి తీస్తే, తీసిన చెయ్యి మళ్ళీ ఎన్నడూ అక్కడికి రాదని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ప్రెసిడెంటు గారికి మా ఇద్దరికంటే బాగా తెలుసు.

ఆవిడ మీట జీపు బానెట్ మీద పెట్టి, మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. సంచిలోంచి పునుగుల పొట్లం విప్పింది.

"నేను నొక్కను. నాకు తొందర్లేదు. స్వామికి ఉందేమో కనుక్కోండి."

ఎండ ఎక్కింది. పూజారి గారు ముహూర్తం దాటిపోతోందని అటు నాన్నగారినీ ఇటు ఆవిడనూ చూస్తున్నారు. నాన్నగారు కదల్లేదు. ఆవిడ పునుగులు అయిపోయి, పొట్లం కాగితంతో వేళ్ళు తుడుచుకుంటోంది. అప్పుడు జీపు తలుపు చప్పుడైంది. ఆవిడ మొగుడు దిగాడు. ఆయన జీపు దిగగా అంతకు ముందు ఎవరూ చూడలేదనుకుంటాను, ఎందుకంటే ఆవిడే లేచి నిలబడింది.

ఆయన మెల్లగా వచ్చి, నాన్నగారి పక్కన నిలబడి, తన చెయ్యి కూడా తాడు మీద పెట్టాడు. రెండు చేతులూ పక్కపక్కన ఉన్నాయి.

"నేనూ తియ్యనన్నానండి," అన్నాడు.

నాన్నగారు ఆయన ముఖం చూడలేదు. తాడు వైపే చూస్తున్నారు.

"ఈవిడ చెబుతూనే ఉంది. పదిమందిలో ఉన్నాం కదా, ఎలా తీస్తాం అనుకున్నాను." చెయ్యి తీసుకుని, వెళ్ళి జీపులో కూర్చున్నాడు.

మా నాన్నగారు చెయ్యి తీశారు. భయపడి కాదు. ఆ మాట ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. ఒక పెద్దమనిషి దిగి వచ్చి తనకు జరిగిన అవమానం చెప్పుకున్నాడు, దానికి మర్యాద ఇచ్చారు. గీత దాకా నడిచి వచ్చి ఆగారు. ఆ నాలుగడుగుల్లోనే ఆయన ముసలివారైనట్టు నాకు కనిపించింది.

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు.

"అయితే దొరగారి చెయ్యి లేకుండానే రథం కదలొచ్చన్నమాట. మంచిదేలే, ఇక ఏటా ఆయన్ని శ్రమపెట్టక్కర్లేదు."

"కదలొచ్చని ఎవరన్నారండీ?" అంది ఆవిడ. "సైగ ఇచ్చే మనిషి లేకుండా నేను పంటికింద రాయి కూడా లాగను. నాకు ఇక్కణ్ణుంచి అవతలి చక్రాలు కనబడవు."

"దానికేం, సైగ నేనిస్తాను."

"మీరా? ఇందాకటి నుంచీ చూస్తున్నా. మాట్లాడుతుంటే మీ చేతులు చేలో చిలకల్ని తోలినట్టు తిరుగుతున్నాయి. మీరు కిళ్ళీ తెమ్మని ఎవరికో చెయ్యి ఊపుతారు, నేను స్వామిని తీసుకెళ్ళి తాటిచెట్టెక్కిస్తాను."

"పోనీ, తలో పక్కా నిలబడి..."

"ఇద్దరు సైగ చేస్తే ఎవరూ చెయ్యనట్టే. ఒక్కరే ఉండాలి. నిటారుగా నిలబడాలి, కదలకూడదు, ఎవరేమన్నా పట్టించుకోకూడదు." ఊరంతా కలియజూసింది. "పొద్దుటి నుంచీ నాకు అలాంటి మనిషి ఒక్కరే కనిపించారు. ఇందాక ఎండలో ఆయన్ని నేనే నిలబెట్టి చూశా."

నాన్నగారి వైపు తిరిగింది.

"అయ్యగారూ, మీరు చెయ్యెత్తితే లాగుతా. దించితే ఆపుతా. మీ చెయ్యి లేవందే రథం కదలదు. ఎత్తేముందు ఇక్కడున్న అందరి చేతులూ చూడాలి. రెండేసి. ఒక్క చెయ్యి కనపడకపోయినా మీది ఎత్తకూడదు. దేవుడొచ్చి చెప్పినా ఎత్తకూడదు."

 నాన్నగారు ఉత్తరీయం నడుముకు బిగించారు.

"తాడు మీద కప్పడానికి బరువైన గుడ్డ కావాలి," అందావిడ. "తెగినా ఎగరకుండా. నా గోనెపట్టా దేవుడికి పనికిరాదంటున్నారు పూజారి గారు."

నాన్నగారు నా వైపు చూశారు. "తివాచీ పట్టుకురా."

మా దివాణంలో మిగిలిన ఒకే ఒక తివాచీ అది. తెల్లదొరల కాలంలో కలెక్టరు కూర్చున్నది. ఆ కూర్చున్న చోటును మా మేనత్త కడదాకా ఎవరినీ తొక్కనివ్వలేదు. నేనూ ఇంకొకరూ మోసుకొస్తే, ఆవిడ బోదె నీళ్ళలో ముంచి తాడు మీద వేయించింది. కలెక్టరు కూర్చున్న చోటు సరిగ్గా తాడు మీదికి వచ్చింది.

"అందరూ చేతులు పైకెత్తండి," అని ఆవిడ అరిచింది.

కొందరు ఎత్తారు, కొందరు ఒకటే ఎత్తారు, కొందరు పక్కవాడు ఎత్తాక చూద్దామనుకున్నారు. లేచిన చేతులు చూసి పూజారి గారికి అలవాటుగా నోట్లోంచి "గోవిందా" వచ్చింది. అంతే, ఊరంతా రెండు చేతులూ ఎత్తి గోవింద కొట్టింది. ప్రెసిడెంటు గారూ కొట్టారు, కొట్టకపోతే వచ్చే ఎన్నికల్లో చెప్పుకోవాలి. నాన్నగారు ఒక్కొక్కరినీ చూశారు. అంత నిదానంగా ఆయన ఊరివాళ్ళ ముఖాలు చూడడం నేనెరగను. అందరి చేతులూ చూశాక తన చెయ్యి ఎత్తారు.

ఆవిడ మీట నొక్కింది. తాడు బిగిసి, సన్నగా మూలిగింది. రథం వేలెడంత కదిలింది.

తర్వాత జరిగింది చెప్పడానికి ఏమీ లేదు. కాస్త లాగడం, ఆగడం. ఆవిడ వెళ్ళి మోటారు మీద చెయ్యి వెనక వైపు ఆనించి చూడడం. "అల్లుడికి ఆయాసం, కూర్చోండి," అనడం. మళ్ళీ చేతులు, మళ్ళీ గోవింద, మళ్ళీ నాన్నగారి చెయ్యి. మధ్యలో ఆయన ముక్కు మీద ఈగ వాలింది. చెయ్యి పైన ఉంది, దించితే రథం ఆగుతుంది. ఈగ తన పని చూసుకుని పోయేదాకా ఆయన కనురెప్ప కదపలేదు. ఆ ఈగ గురించి మా ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు.

రథం రోడ్డెక్కింది. తాడు తెగలేదు, కొక్కెం జారలేదు, స్వామి మీది పూలదండ కూడా చెదరలేదు. గుంపులో ఒకడు నీరసంగా అన్నాడు.

"ఇంతేనా?"

"ఇంతే నాయనా," అంది ఆవిడ, తాడు చుట్టిస్తూ. "తమాషా జరిగిన రోజు ఎలా ఉంటుందో కావాలంటే మా ఆయన చెయ్యి చూడు."

ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరికీ మా ఇంట్లో భోజనం. పప్పులో ఉప్పు తక్కువైందని ఆవిడ మా అమ్మ ముఖం మీదే చెప్పింది. నాన్నగారి భుజానికి కొబ్బరినూనెలో కర్పూరం వేసి రాయమని కూడా చెప్పింది. వెళ్ళిపోయాక నాన్నగారు, "మోటు మనిషి," అన్నారు. తర్వాత భుజం చూపించి, "నూనె కాచారా?" అన్నారు.

మరుసటేడు వాన లేదు, వించి లేదు. కొబ్బరి మోకు, ఎప్పటి జనం. అయినా ఊరు రథం ముందు నిలబడి నాన్నగారి కోసం ఎదురుచూసింది. ఆయన వచ్చి మోకు మీద చెయ్యి వేసి, తీసి, గీత వెనక్కి నడిచారు. గీత మా అమ్మ గీసింది. నిమ్మచెక్కలు కూడా పెట్టింది. ఊరు రెండు చేతులూ ఎత్తి గోవింద కొట్టింది. ఆయన అందరి చేతులూ చూసి తన చెయ్యి ఎత్తారు. అది దించాకే జనం మోకు అందుకున్నారు. ప్రెసిడెంటు గారు సమానత్వం గురించి ఇంకేదో అన్నారు గానీ, గోవింద మధ్యలో వినబడలేదు.

ఇప్పుడు ఆ పూజారి గారి అబ్బాయి అర్చకుడు. ముగ్గు గీత వైకుంఠానికి హద్దు అని యాత్రికులకు చెబుతాడు. చేతులెత్తడం శరణాగతి. మోకు మీద కలెక్టరు తివాచీ ముక్క పరచడం వస్త్రసేవ. ఇవన్నీ ఏ పురాణంలో ఉన్నాయో శ్లోకంతో సహా చెబుతాడు. నేను పక్కనే నిలబడి వింటాను. ఆవిడ పురాణం తప్ప తక్కినవన్నీ చెబుతాడు. నాన్నగారు పోయాక ఆ చెయ్యి నాదైంది. ఆయన కూడా పది వేళ్ళతోనే పోయారు.

ఆవిడ పోయిందని విన్న తర్వాత వచ్చిన రథోత్సవం ఈ ఏటిది. మోకు తాకి, గీత వెనక్కి వచ్చాను. గోవింద మోగింది. అందరూ రథం మీది స్వామిని చూసే ఆ క్షణంలో నేను స్వామిని చూడను, చేతులు చూస్తాను. ప్రెసిడెంటు గారి మనవడు గీత దాటి రథం పక్కన నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి పైన ఉంది. రెండోది మోకు మీద ఉంది. అందరికంటే ముందు పుణ్యం కావాలి కాబోలు, లేక వాళ్ళ తాతకు దక్కనిది దక్కాలేమో. వాడి పాదం చక్రానికి జానెడు దూరంలో ఉంది.

నేను చెయ్యి ఎత్తలేదు. గోవింద అయిపోయింది. మళ్ళీ కొట్టారు. అదీ అయిపోయింది. అర్చకుడు ముహూర్తం అని గొణిగాడు. జనం తిరిగి నన్ను చూస్తున్నారు. మా వంశంలో ఎవరూ నలుగురిలో గొంతెత్తలేదు. నాన్నగారు ఆ ఎండలో కూడా ఎత్తలేదు.

"ఏవయ్యా," అని అరిచాను, "నీకు ఒకటే ఇచ్చాడా దేవుడు?"

 వెనక ఎవరో నవ్వారు. కుర్రాడు ఎర్రబడి, మోకు వదిలి, గీత ఇవతలికి వచ్చి, రెండో చెయ్యి ఎత్తాడు.

అప్పుడు నాది ఎత్తాను.